రెల్లు పీకిన పండగ

జ్ఞానమ్మ అమలాపురంలో ఒక కాలేజీ బోటనీ ల్యాబులో ముప్పై ఒక్క ఏళ్లు అటెండరుగా పనిచేసింది. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె కడిగిన గాజు పలకల్ని వరసగా పేరిస్తే ముక్తేశ్వరం రేవు దాకా వెళ్తాయని, అక్కడ పంటు ఎక్కి గోదావరి దాటి కోటిపల్లిలో దిగుతాయని కాలేజీలో చెప్పుకునేవారు. పలకలకు టిక్కెట్టు ఎవరు కొన్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు.

పలకల సంగతి ఎలా ఉన్నా పాఠం సంగతి నిజం. ఏటా డిసెంబరులో బైపీసీ పిల్లల్ని భ్రమరాంబ మేడం పడవలో గోదావరి నడుమ ఉన్న ఒక లంకకు తీసుకెళ్లేవారు. మొక్కలు నొక్కే చెక్కలు, పాత పేపర్ల కట్ట, ఉప్మా క్యారేజీ అన్నీ జ్ఞానమ్మ నెత్తి మీదే. లంక అంచున తడి ఇసుకలో చెప్పులు విడిచి నిలబడి మేడం పాఠం చెప్పేవారు. ఏటేటా అవే మాటలు, అదే చోట దగ్గు.

"నది ఇసుక మేట వేస్తుంది. ఆ ఇసుకలో రెల్లు తప్ప ముందుగా ఏదీ నిలవదు. రెల్లు వేళ్లు ఇసుకను పట్టుకుంటాయి. వరదొస్తే దుబ్బులు నీళ్ల జోరు తగ్గిస్తాయి, ఒండ్రు కిందకు దిగుతుంది. ఒండ్రు దిగాక తుంగ వస్తుంది, తూటికాడ వస్తుంది. ఆ తర్వాత వెంపలి, జీలుగ వచ్చి నేలకు సత్తువ పెడతాయి. అప్పుడు తుమ్మ. తుమ్మ నీడ పడితే రెల్లు చచ్చిపోతుంది. తను కట్టిన ఇంట్లో తనకే చోటుండదు. కానీ తుమ్మ రాకముందే రెల్లును తీసేశారా, మళ్లీ మొదటికి, ఉత్త ఇసుక. రాసుకోండి."

పిల్లలు రాసుకునేవారు కాదు. మగపిల్లలు నీళ్లలోకి పెంకులు విసిరేవారు. జ్ఞానమ్మకు మాత్రం ఆ పాఠం కీర్తనలాగా నోటికి వచ్చేసింది. ఒక ఏడాది మేడంకు జలుబు చేసి గొంతు పోతే, జ్ఞానమ్మే పాఠమంతా ఒప్పజెప్పింది, దగ్గవలసిన చోట దగ్గి మరీ. ఆ ఏడు పరీక్షలో ఆ పాఠం ప్రశ్నకు సున్నా వచ్చినవాడు కాలేజీ మొత్తంలో ఒక్కడూ లేడట. ఇందులో సగం నమ్మినా చాలు.

ఆమెకు ఆ పాఠం అంతగా పట్టడానికి ఒక కారణం ఉంది. ఆమె పుట్టిందీ మెట్టిందీ అలాంటి లంకలోనే. అప్పనపల్లికి ఎగువన, వైనతేయ గోదావరి పాయ నడుమ, అరవై గడపల ఊరు. భర్త మోషే పంటు నడిపే సరంగు. గట్టిగా కేక వేశాడంటే అవతలి రేవులో పాలు విరిగిపోయేవని పేరు. వాళ్లకు పిల్లలు లేరు. జ్ఞానమ్మ చెల్లెలి కూతురు జాస్మిన్‌ను పెంచి, చదివించి, బ్యాంకులో ఉద్యోగం వచ్చేదాకా చూశారు.

ఆ లంకను నది కోసుకుపోయింది. ఒక్కసారిగా కాదు, మూడేళ్లు పట్టింది. ఒక వరదకు కొబ్బరితోట సగం పోయింది. తర్వాతి వరదకు చర్చి గోడ ఒరిగింది. చివరి ఏడు సమాధుల తోట ఉన్న గట్టు విరిగినప్పుడు, జ్ఞానమ్మ తల్లిని పెట్టిన పెట్టె మూల ఒకటి మట్టిలోంచి బయటకు తేలి రెండు రోజులు అలాగే కనిపించింది. మూడో రోజు అది లేదు.

ఊరందరికీ ఒడ్డున రెండేసి సెంట్లు ఇచ్చి కాలనీ కట్టారు. కరెంటు ఇచ్చారు, కుళాయి ఇచ్చారు. సమాధుల తోటకు మాత్రం చోటు లేదన్నారు.

"బతికున్నోళ్లు పడుకోడానికి ఇచ్చేరు గానీ, చచ్చినోళ్లు పడుకోడానికి ఇవ్వలేదండి," అని మోషే వచ్చిన ప్రతి ఆఫీసరుకూ నవ్వుతూనే చెప్పేవాడు. "మమ్మల్ని చావొద్దంటున్నారనుకుంటామండి. మంచి ఆర్డరే. కాయితం మీద రాసివ్వండి మరి."

కాలనీలో ఎవరు పోయినా పక్క ఊరి సమాధుల తోటను బతిమాలుకోవాలి. అక్కడి పెద్దలు చెడ్డవాళ్లేం కాదు, వాళ్ల వాళ్లకే చోటు చాలదు. అచ్చమ్మ అనే ముసలామె పోయినప్పుడు, తవ్విన చోటల్లా ఎవరిదో పాత పెట్టె తగిలింది. పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్లిన మనిషి మధ్యాహ్నం మూడింటిదాకా ట్రాక్టరు తొట్టిలో ఎండలో ఉండిపోయింది. ఆ రోజు తిరిగొస్తూ మోషే ఒక్క మాటా మాట్లాడలేదు. సరంగు మాట్లాడకపోతే జ్ఞానమ్మకు భయం వేసింది.

ఆ తర్వాతి వరద తీశాక నది మధ్యలో, పాత ఊరు ఉన్న చోటుకు కాస్త కింద, తాబేలు వీపులాంటి ఇసుక మేట తేలింది. మన లంక తిరిగొచ్చిందని కాలనీ అంతా ఏటిగట్టు మీదకు పరుగెత్తింది. సమాధుల తోటకు చోటు దొరికిందని ఆడవాళ్లు ఏడ్చారు.

జ్ఞానమ్మ మాత్రం పడవ కట్టించుకుని వెళ్లి, ఇసుకను గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ల మధ్య నుంచి జారనిచ్చి చూసింది.

"ఇప్పుడు కాదు," అంది.

"మరెప్పుడండీ?" అని అడిగాడు అంజిబాబు. చర్చి కమిటీ ప్రెసిడెంటు అతను, మేస్త్రీ పని చేస్తాడు. కాలనీలో సగం ఇళ్లు అతని చేతిమీదే లేచాయి.

"తుమ్మ మొక్క మనిషెత్తు ఎదిగినప్పుడు."

"ఆయ్!" అన్నాడు అంజిబాబు. ఆ 'ఆయ్'లో ఒప్పుకోవడం ఎంత ఉందో నవ్వు కూడా అంతే ఉంది.

ఆ రోజు నుంచి కాలనీకి జ్ఞానమ్మే పంచాంగం. ప్రతి నెలా మోషే పడవ వేసుకుని ఆమెను మేట మీద దింపేవాడు. మొదటి ఏడు ఎక్కడో పైనుంచి కొట్టుకొచ్చిన రెల్లు దుబ్బు ఒకటి ఇసుకలో చిక్కుకుని చిగురు వేసింది. రెండో ఏటికి వెన్నులు తెల్లగా విచ్చి, దూరం నుంచి చూస్తే ఏట్లో ఎవరో దూది ఆరబెట్టినట్టుగా కనిపించింది. మూడో ఏటికి మేట పొడవునా రెల్లే. మధ్యలోకి వెళ్తే మనిషి కనిపించడు. కింద జానెడు ఒండ్రు పేరుకుంది. తడి అంచున తుంగ, దాని వెనక తూటికాడ. నాలుగో ఏడు ఒక మూల పచ్చగా జీలుగ. జీలుగ వచ్చిన రోజున జ్ఞానమ్మ పడవలో తిరిగొస్తూ పాట పాడింది. మోషే తెడ్డు ఆపి విన్నాడు.

"తుమ్మ ఎప్పుడొస్తాదే?" అన్నాడు.

"విత్తనం పడింది. వేలెడు మొలక చూసేను. ఇంకో రెండు మూడేళ్లు."

"అన్నాళ్లు నేనుంటానేటి?"

అప్పటికే అతనికి వారానికి రెండుసార్లు అమలాపురంలో డయాలసిస్. కాళ్లు వాచి, సరంగు బూట్లు పట్టడం మానేశాయి.

వేసవి చివర్లో మంచం పట్టాక అతను ఒకటే మాట పట్టుకున్నాడు. "ఆ పక్కూరోళ్ల గుమ్మంలో నన్ను ట్రాక్టరు మీద నిలబెట్టొద్దే. ముప్పై ఏళ్లు నేనే అందర్నీ దాటించేను. నన్ను దాటించడానికి వాళ్లెవరే? మన లంకలో పెట్టు."

"ఇంకా గట్టిపడలేదయ్యా. ఆగు."

"నాకు ఆగాలనే ఉందే. ఆ తుమ్మకే చెప్పు, కాస్త తొందరపడమని."

తుమ్మ తొందరపడలేదు. మోషే జూన్ మొదటి వారంలో పోయాడు.

ఆ ఉదయం కాలనీ అంతా జ్ఞానమ్మ నోటివైపు చూసింది. ఆమెకు పాఠం తెలుసు. వేలెడు మొలకను తుమ్మ అనరని తెలుసు. ట్రాక్టరు తొట్టి కూడా తెలుసు. చివరికి "లంకలోనే," అంది. స్థలం ఆమే చూపించింది, రెల్లు అన్నిటికన్నా ముదిరిన నడిమధ్య చోటు. తవ్వుతుంటే వేళ్లు తాళ్లలాగా అల్లుకుని, పార కామ ఒకటి విరిగింది. అది విరిగిన చప్పుడుకు అంత దుఃఖంలోనూ ఆమెకు గుండె నిబ్బరం కలిగింది. పట్టుకుంటుంది అనుకుంది. భూస్థాపన అయ్యాక పీకిన దుబ్బుల్ని తన చేత్తోనే మళ్లీ మట్టి మీద నాటింది.

ఆ ఆగస్టులో వరద వచ్చింది. నాలుగు రోజులు మేట మీదుగా నీళ్లు పారాయి. రెల్లు కొసలు మాత్రం ప్రవాహంలో వంగి కనిపించేవి. అయిదో రోజు నీళ్లు దిగాక రెల్లు లేచి నిలబడింది. సిలువ కాస్త ఒరిగింది, అంతే. పైగా ఇంకో బెత్తెడు ఒండ్రు. జ్ఞానమ్మ సిలువను సరిచేసి, దాని పక్కన బురదలోనే కూర్చుని, నిలిచిందయ్యా అని చెప్పింది.

ఇక కాలనీకి ధైర్యం వచ్చింది. ఏడాది తిరిగేసరికి అక్కడ మరో నలుగురిని పెట్టారు. వరదకు నిలబడిన చోటు కదా, జ్ఞానమ్మ ఎవరిని వద్దనగలదు?

మరుసటి అక్టోబరులో జ్ఞానమ్మ కంటి ఆపరేషనుకు కాకినాడ వెళ్లింది. ఒక కన్ను చేశాక రెండోది కూడా చేయించుకోమని, జాస్మిన్ తనకు తెలిసినవాళ్ల ఇంట్లో ఆమెను మూడు వారాలు ఉంచింది. సమాధుల పండగ నాటికి నల్లకళ్లద్దాలతో తిరిగొచ్చింది. నవంబరు రెండున అందరూ సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించే పండగ అది. చచ్చినవాళ్ల సమాధి మీద గడ్డి పెరిగితే, వాళ్లకు ఎవరూ లేరని అర్థం. ఎంత లేనివాడైనా ఆ ఒక్క మాట పడడు.

పడవ దిగగానే ఆమెకు మొదట తెలుపు కనిపించింది. కొత్త కళ్లకు వెలుగు ఎక్కువైందేమో అనుకుంది. అద్దాలు తీసి చూసింది.

రెల్లు లేదు. ఒక్క దుబ్బు కూడా లేదు. మేట మొత్తం ఈ చివర నుంచి ఆ చివరకు చదునుగా, అరచేయిలాగా ఉంది. అంజిబాబు పంటు మీద జేసీబీ తెప్పించి, వేళ్లతో సహా పెరికించి, కుప్పలేసి తగలబెట్టించాడు. తుంగ, తూటికాడ, జీలుగ, మోకాలెత్తు ఎదిగిన తుమ్మ మొక్కలు అన్నీ పోయాయి. అయిదు సమాధులకు సిమెంటు చేసి, వాటి చుట్టూ రంగు రాళ్లు పేర్చి, బంతి మొక్కలు, వరసగా కొబ్బరి మొక్కలు నాటారు. మోషే సిలువకు తెల్లటి ఎనామిల్, నల్లటి అక్షరాలు: సరంగు మోషే.

జనమంతా ఆమె మొహంవైపు చూస్తున్నారు. ఇరవై రోజులు ఆడా మగా పని చేశారు. కూలి ఎవరూ అడగలేదు.

"పెద్దమ్మా, నీకు చెప్పకుండా ఉంచేం. సర్‌ప్రైజ్ అని," అంది జాస్మిన్. ఆమె అరచేతులు రెండూ బొబ్బలు. "పెదనాన్న అలా తుప్పల్లో దిక్కులేనోడిలా పడుండటం నాకెలా ఉండేదో నీకేం తెలుసు? బాగుందా?"

జ్ఞానమ్మ నోట్లో పాఠం మొత్తం ఉంది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఆమె ఆ బొబ్బలు చూసింది.

"బాగుందమ్మా," అంది.

ఆ రెండు ముక్కలు అన్నందుకు ఆమె తర్వాత పడిన బాధ మోషే పోయినప్పుడు కూడా పడలేదు. ఆ సాయంత్రం కొవ్వొత్తుల వెలుగులో మేట పెళ్లిపందిరిలాగా ఉంది. అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆమె ఒక్కతే కాళ్ల కింద ఇసుక కదులుతున్నట్టు నిలబడింది.

పది రోజులు అన్నం సహించలేదు. పదకొండో రోజున మనిషిని పెట్టుకుని, ఒడ్డున కాలవ పక్కన ఉన్న రెల్లు దుబ్బులు తవ్వించి, పడవలో తీసుకెళ్లి మేట ఎగువ అంచున నాటింది. ఆదివారం ప్రార్థన అయ్యాక యువకుల బృందం చీపుళ్లతో వెళ్లి, పిచ్చిమొక్కలు మళ్లీ వచ్చేశాయని వాటిని పీకేసింది. సక్రమంగా, భక్తిగా పీకింది. ఆమె మళ్లీ నాటింది. వాళ్లు మళ్లీ పీకారు. మూడోసారి నాటుతూ దొరికిపోయింది.

కమిటీ కూర్చుంది. అంజిబాబు ఆమెకు కుర్చీ వేయించాడు.

"ఏటండీ అమ్మగారూ ఇది? మీరే ఇలా చేస్తే కుర్రోళ్లకి ఏం చెప్పేది?"

అప్పుడు చెప్పింది. ఇసుక, రెల్లు, ఒండ్రు, జీలుగ, తుమ్మ. అంతా చెప్పింది. వాళ్లు మర్యాదగానే విన్నారు.

"తప్పుగా అనుకోకండి," అన్నాడు అంజిబాబు. "ముప్పై ఏళ్ల నుంచి పునాదులు తీస్తున్నానండి. గడ్డి నేలని పట్టుకోవడమేటండి? నేలే గడ్డిని పట్టుకుంటాది. అయినా సిమెంటు వేసేం కదా. రెల్లు కన్నా సిమెంటు గట్టిది కాదేటండి?"

"కింద ఏముంది బాబూ? సిమెంటు కింద?"

"మన మోషే బాబాయి ఉన్నాడండి," అన్నారెవరో. అందరూ జాలిగా తలలు దించుకున్నారు. ఆమెకు మొగుడి బెంగ ఇలా తిరిగిందనుకున్నారు.

నేను అటెండరుని, నా మాట నమ్మకపోతే మేడం మాటైనా నమ్మండి అని జ్ఞానమ్మ ఫోన్ తీసింది. భ్రమరాంబ మేడం రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నారు. అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది.

"మేడమండీ, నేను జ్ఞానమ్మనండి. ల్యాబు జ్ఞానమ్మని. లంక మీద రెల్లు తీసేస్తే ఏమవుతాదో ఒక్కసారి మావాళ్లకి చెప్పండి."

అటువైపు నుంచి మేడం గొంతు, సన్నగా, మర్యాదగా: "రెల్లు... అవునమ్మా. రెల్లు... ముందు రెల్లు..." అని ఆగిపోయింది. "తర్వాతేమిటమ్మా?"

జ్ఞానమ్మ ఫోన్‌లోకి వంగి తర్వాతది చెప్పింది. మేడం మళ్లీ ఆగారు. జ్ఞానమ్మ మళ్లీ అందించింది. అలా ఒక్కో మెట్టూ ఆమే చెప్పి, చివరి దాకా తనే తీసుకెళ్లింది. దగ్గు దగ్గర మాత్రం మేడమే దగ్గారు.

"చాలా బాగా చెప్పావమ్మా," అన్నారు మేడం సంతోషంగా. "ఏ ఊరు మీది? ఎవరి స్టూడెంటువి?"

కమిటీలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అంజిబాబు లేచి ఆమె చేతిలోంచి ఫోన్ మెల్లగా తీసుకుని కట్ చేసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు.

వరదలకు ఇంకా ఏడెనిమిది నెలలు ఉంది, ఏదైనా జరగవచ్చని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఈ ఏడు వరద రాకపోవచ్చు. కాల్చిన బూడిద కింద వేరు ముక్క ఏదైనా మిగిలి ఉండవచ్చు. మార్చిలో నిజంగానే ఒక చోట రెండాకులు పైకి వచ్చాయి. ఆదివారం నాటికి అవి లేవు. బంతి మొక్కలు ఎండిపోయాయి. కొబ్బరి మొక్కలకు జాస్మిన్ వారం వారం బిందెలతో నీళ్లు పోయించింది. మేట మాత్రం వేసవి గాలికే సిమెంటు గట్ల అంచుల నుంచి కొంచెం కొంచెం రాలుతోంది. ఆమె దాన్ని చూసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన రోజున చెప్పనిదానికి ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి?

జులై మూడో వారంలో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మర్నాడు ఉదయానికి నీళ్లు మేట ఎక్కాయి. కాలనీ అంతా ఏటిగట్టు మీద గొడుగులు వేసుకుని నిలబడింది. అయిదు తెల్ల సిలువలూ ఎర్రటి నీళ్ల మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"నిలబడతాదండి. ముందటి వరదకి నిలబడలేదేటి?" అన్నాడు అంజిబాబు. ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

మేట విరగలేదు. కరిగింది. ఎగువ అంచున మొదలై, నాలుగు వైపుల నుంచీ, టీలో పంచదారలాగా, చప్పుడు కూడా లేకుండా. ముందు కొబ్బరి మొక్కలు వెళ్లాయి. వేళ్లకు మట్టి ఉండడం వల్ల అవి కొంతదూరం నిటారుగా, నడిచి వెళ్తున్నట్టు వెళ్లాయి. తర్వాత చివరి సిలువ వంగింది. అప్పుడు జాస్మిన్ అరిచింది. ఒక్కొక్క సిలువ వంగినప్పుడల్లా ఆ ఇంటివాళ్ల ఏడుపు లేచింది. అందువల్ల ఎవరిది ఎప్పుడు పోయిందో కళ్లు మూసుకున్నవాళ్లకు కూడా తెలిసింది. మోషేది నడుమ ఉంది కాబట్టి ఆఖరున పోయింది. పదకొండు గంటలకు. సిమెంటు గట్టు ముందుకు ఒరిగి, కాసేపు అలా ఆగి, దిగిపోయింది.

జ్ఞానమ్మ ఏడవలేదు. ఆమె మొహంలోకి చూసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

నీళ్లు తీశాక పడవలు ఓడలరేవు దాకా వెళ్లి వెతికాయి. ఒక చెక్క ముక్క తెచ్చి ఆమెకు చూపించారు. కాదంది. నిజానికి ఔనో కాదో ఆమెకు తెలియదు.

అంజిబాబు వారం తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"మీరు చెప్పేరండి," అన్నాడు. "మేమే వినలేదు."

"నెల ఆలస్యంగా చెప్పేను బాబూ. వేళ్లు అప్పటికే బూడిదైపోయాయి. నేను ఊళ్లో లేకుండా పోయేను, ఉన్నప్పుడు బాగుందన్నాను. వెళ్లు. అన్నం తిను."

అతను వెళ్లలేదు. ఆమే తలుపు వేసుకుంది.

సమాధుల పండగ మళ్లీ వచ్చింది. శుభ్రం చేయడానికి కాలనీకి ఒక్క సమాధీ లేదు. సాయంత్రం అయిదు కుటుంబాలూ రేవు మెట్ల మీద చేరాయి. మెట్ల మీద పెట్టిన కొవ్వొత్తులు గాలికి నిలవలేదు. అప్పుడు ఎవరో అరటి దొప్పల్లో పెట్టి ఏట్లోకి వదిలారు. పక్క రేవులో కార్తీక దీపాలు వదిలేవాళ్లను చూసి నేర్చుకున్న పద్ధతే. పాస్టరుగారు ఏమంటారోనని అందరూ ఆయనవైపు చూశారు. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి ఆయన కూడా ఒక దొప్ప అడిగారు.

జాస్మిన్ వెలిగించిన కొవ్వొత్తి ఉన్న దొప్ప తెచ్చి జ్ఞానమ్మ చేతిలో పెట్టింది. "వదులు పెద్దమ్మా."

"ఎటు వదలను?" అంది జ్ఞానమ్మ. "ఎక్కడున్నాడని?"

మిగతా దొప్పలు మలుపు దాటి వెళ్లిపోయాయి. జ్ఞానమ్మ కొవ్వొత్తిని దొప్పలోంచి తీసి, మైనం వేళ్ల మీద కారుతున్నా కదలకుండా కొంతసేపు పట్టుకుంది. తర్వాత ఊది ఆర్పేసి, మిగిలిన ముక్కను జాస్మిన్ బ్యాంకు సంచిలో పడేసింది.

"దాచు. నాకు పనికొస్తాది. నన్నెక్కడ పెడతారో మాత్రం మీరే చూసుకోండి. నన్ను అడక్కండి."